నాలుక చప్పుడు

కత్తెర కాళ్లన్నాడు డాక్టరు.
బట్టలు కుట్టే మనిషిని,
ఆ మాట నాకు విడమర్చి చెప్పక్కర్లేదు.
తెరవని కత్తెర మర దగ్గర తుప్పు పడుతుంది.
నూనె కావాలి, వెచ్చదనం కావాలి,
తొందర మాత్రం పనికిరాదు.

పుత్తూరుకూ ఎత్తుకుపోయాం.
"విరిగిన ఎముకైతే కట్టేద్దును తల్లీ,
ఇది విరిగింది కాదే" అని
పచ్చాకు ముద్ద పక్కన పెట్టి
మజ్జిగిచ్చి పంపాడు కట్టు కట్టే ఆయన.

ఇప్పుడు ఆదివారాలు తొండవాడ.
ఎండిన స్వర్ణముఖి ఇసకలో
గుర్రాన్ని పట్టుకుని నిలబడి ఉంటాడు దస్తగిరి తాత.
దాని పేరు చాందిని.
ఆయన లెక్కలో, తిరుపతి వీధుల్లో
నూటముప్పై మంది పెళ్లికొడుకుల్ని మోసింది.
టపాకాయలకు ఎడమ చెవి పోయింది.
"ఇనపడేది సగమేమ్మా, అందుకే ఇంత నిమ్మళం."

పాత ఇస్కూలు సంచి పట్టీలతో
నేనే కుట్టిన నడుం బెల్టు.
ఒక పిడి నా చేతిలో,
ఇంకోటి ఫిజియో అమ్మాయి హిమజ చేతిలో.
జీను లేదు, దుప్పటి మీద మునితేజ.
మొదటివారం వాడరిచిన అరుపుకు
మడుగు దగ్గర కొంగలు లేచిపోయాయి.
రెండోవారం వాన.
తర్వాత నాకు జ్వరం.
ఐదోదో ఆరోదో,
దాని ఒంటి వేడి తొడల్లోకి దిగి
కత్తెర అరంగుళం తెరుచుకుంది.
గుర్రం అడుగేస్తే వాడి నడుం అడుగేసింది.
ఏడేళ్లుగా నేల మీద వేయని నడక
నాలుగడుగుల ఎత్తున వేశాడు.
నేను బెల్టు వైపే చూస్తూ నడిచాను,
కుట్టు ఊడుతుందేమోనని.

మాట కోసం
రోజూ అంగిట్లో బెల్లంపాకం రాసేదాన్ని,
నాలుక పైకి లేస్తుందని.
లేచేది కాదు.
పాకం గడ్డం మీదుగా కారి
చొక్కాకు చీమలు పట్టేవి.

నిన్న, బీడీ వెలిగించుకోవడానికి ఆగాడు తాత.
హిమజ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.
ట్క్.
చాందిని కదిలింది.
"నేను గాదుమ్మా" అన్నాడు తాత, బీడీ నోట్లోనే.
పైన, గడ్డమంతా చొంగతో,
వాడు మళ్లీ నాలుకను అంగిటికి ఆనించి లాగాడు.
గుర్రం కుడి చెవి
వెనక్కి తిరిగింది.

నడుస్తాడా అని అడుగుతారు
బస్సులో పక్కసీటువాళ్లు.
తెలీదు.
రాత్రి ఇంకా మూడు రవికలు మిగిలాయి.
కళ్లు మూతలు పడి మిషను ఆగితే
చాప మీంచి వినిపించింది:
ట్క్.

నా కాలు పెడలు మీద కదిలింది.