మోగని స్ప్రింగు

ఎడమ వెనక చక్రం విప్పి
వడివేలు మేస్త్రి డ్రమ్ము చుట్టూ సుత్తితో తట్టాడు,
పనసకాయ పండిందో లేదో చూసినట్టు.
అది ఊడి ఒళ్లో పడింది.
గుప్పెడు నల్లదుమ్ము, ఎండిపోయిన జెర్రి,
రెండు ముక్కలైన స్ప్రింగు.

"నీ బండి నిలబడతాదమ్మా.
నిలబడినాకనే, కదల్దు."

నిజమే. మొగిలి ఘాటు దిగిన రాత్రి
కాలిన గోనెసంచి వాసన.
పెడల్ మీంచి కాలు తీసి చాలాసేపయినా
బ్రేకు షూలు డ్రమ్మును కరుచుకునే ఉన్నాయి.

అరవై నాలుగో మోడల్ అంబాసిడర్.
పలమనేరులో మూతబడ్డ పట్టుగూళ్ల కంపెనీ వేలంలో
ఎల్.ఐ.సి. డబ్బులు పెట్టి కొన్నాను,
ఇంట్లో ఎవరితోనూ అనకుండా.
తర్వాత అన్నాను.
తర్వాత వాళ్లూ చాలా అన్నారు.

మూడు ఆదివారాలు తిరిగాను.
గాంధీ రోడ్డు షాపులో కుర్రాడు
ముక్కల్ని కౌంటరు మీద పెట్టి ఫోటో తీసుకుని
"ఇది ఏ బైకుదక్కా?" అన్నాడు.
లారీ బాడీలు కట్టే షెడ్డులో
"మా దగ్గరంతా గాలి బ్రేకులే" అని టీ ఇచ్చి పంపారు.
రేణిగుంట రోడ్డులో ఒకాయన ఉన్నాయన్నాడు.
బస్సెక్కి తిరుపతి పోతే, నిజంగానే ఉన్నాయి,
అర అంగుళం పొడవెక్కువ.
"కొక్కెం వంచి తగిలించుకోండి మేడమ్,
ఎవరు చూడొచ్చారు లోపల?"

అర అంగుళం అబద్ధాన్ని
ఘాటు రోడ్డు చూస్తుంది.

చివరికి గ్రీమ్స్‌పేటలో, మటన్ కొట్టు వెనక సందులో
దిల్షాద్ బీ ఇనప సామాన్ల అంగడి.
కళ్లద్దానికి ఒక పక్క దారం కట్టుంది.
డాల్డా డబ్బాలు వరసగా:
ఒకదాన్లో పళ్లచక్రాలు,
ఒకదాన్లో మేకుల్లాంటి పిన్నులు,
వాటి తలకు తొడిగే గిన్నె వాషర్లు,
తుప్పు తుడిచి, కిరసనాయిల్లో నానబెట్టి
దానిమ్మ గింజల్లా వేరుచేసి పెట్టింది.

నా ముక్కల్ని అరచేతిలో అతికించి,
కొలిచింది బెత్తెతో కాదు, బొటనవేలితో.
డబ్బా బోర్లించి ఏడు స్ప్రింగులు ఏరింది.
ఒక్కొక్కటే నడుమెత్తు నుంచి
సిమెంటు నేల మీద వదిలింది.

ఠింగ్.
"ఒద్దు."
ఠింగ్.
"ఇదీ ఒద్దు. చూడు, నీలం తిరిగింది. వేడి తినింది."
ఠప్.
"ఇది తీసుకో."

బాగా మోగిందే మంచిదనుకున్నాను ఇన్నాళ్లూ,
గంటయినా, చెంబయినా.
"చుట్టుకీ చుట్టుకీ నడాన సందు పడితే మోగతాదమ్మా.
బిగువుండేది ఎందుకు మోగతాది?"

కోర్టులో స్టెనోని నేను.
ఇరవై ఆరేళ్లుగా బోనులో నుంచి రాలిన మాటల్ని
గీతలు గీతలుగా పట్టుకున్నాను.
ఆ సందులో నిలబడి
ఎన్ని ఠింగులో లెక్కేసుకున్నాను.
తర్వాత నావి కూడా.

ఏడింట్లో రెండే దక్కాయి.
తక్కెట్లో వేసి "పదకొండు రూపాయలు" అంది.
"వెతికిన కూలి నూటెనభై."
బేరమాడలేదు.
మోగిన ఐదింటినీ మేకల మెడలకు కడతాడని
మనవడికి విసిరేసింది.

వడివేలు వాటిని తగిలించేటప్పుడు
ఒకటి జారి, చిట్లించి,
అతని బొటనవేలు కోసి, షెడ్డు రేకుకు కొట్టుకుంది.
రక్తం చీకుతూ నవ్వాడు.
"పౌరుషముంది దీనికి."

అప్పుడే అడిగాను,
ఆపేది ఇదేనా అని.
"కాదమ్మా. ఆపేది షూ.
ఆపినాక ఇడిసిపెట్టమని
ఎనక్కి లాక్కొచ్చేది ఇది."

ఆ మాట చీటీ మీద రాసుకోలేదు.
ఎందుకో, రాసుకోబుద్ధి కాలేదు.

నిన్న తెల్లారి మళ్లీ మొగిలి ఘాటు.
ముందు మామిడికాయల లారీ, దాని వెనక నేను.
ఒక్కో మలుపులో కాలు పెట్టడం, తీయడం,
పెట్టడం, తీయడం.
బంగారుపాళ్యం వైపు వాలులో
పక్కకు తీసి ఆపి, దిగి, రాయి అడ్డం పెట్టి
డ్రమ్ము మీద చెయ్యి ఆనించాను.
వెచ్చగా ఉంది, అంతే.
జ్వరం తగ్గిన పిల్ల నుదురంత.

రాయి తీసి ఎక్కి కూర్చుని
హ్యాండు బ్రేకు దించాను.
ఇంకా గేరు వేయలేదు,
తాళం కూడా తిప్పలేదు.
బండి తనంతట తాను,
చప్పుడు లేకుండా,
కదిలింది.