ఏడో ప్లేటు

అన్నెపర్తి దాటినంక కుడిచేతి దిక్కు మా ల్యాబు.
కరెంటు పోయినా ఇంక్యుబేటరు కొంచెంసేపు
ముప్పై ఏడు డిగ్రీలు కడుపులనే పెట్టుకుంటది,
పొదిగేసిన కోడి మీద బోర్లించిన గంప లెక్క.

ప్లేటుకు ఆరు గుంతలు.
గుంతకింత గులాబీరంగు నీళ్లు,
అండ్ల ఇంకా ఏమీ కాని కణాలు.
కొవ్వు కావొచ్చు, మెత్తని ఎముక కావొచ్చు, గట్టి బొక్క కావొచ్చు,
ఏదీ కాకుండ ఉండిపోవొచ్చు.
పదో తరగతి ఎండకాలం నేనూ గట్లనే ఉంటి.

అడుగున జెల్లు రాసి ప్రోబు ఆనిచ్చి
మీట నొక్కుత.
చప్పుడు నాకు ఇనబడదు. కుక్కకు ఇనబడదు, గబ్బిలానికీ ఇనబడదు.
సెకండుకు పదిహేను లక్షల దెబ్బలు,
నీళ్ల మీద ఒక్క ముడత లేవదు.
రోజుకు ఇరవై నిమిషాలు.

మా నాయిన పల్లపు దానయ్య బండ కొట్టెటోడు.
కొట్టేముందు తట్టెటోడు.
చిన్న సుత్తె, బండకు ఆనిచ్చిన చెవి.
"మాట ఇన్న దిక్కే ఇచ్చుకుంటది బిడ్డా,
గట్టిగ గుద్దితే పిండైతది."
పవరు తక్కువ పెట్టుడు
నేను మా గైడు దగ్గర నేర్వలే.

ఇరవై ఒకటో రోజు రంగు పోసినం.
సున్నం పట్టిన కాడల్లా ఎరుపు.
చప్పుడు ఇనని గుంతలల్ల ఆడొకటి ఈడొకటి చుక్క,
ఇన్న గుంతలు ఎండబోసిన మిర్చికల్లం.
ఫర్హానా చప్పట్లు కొట్టింది. సారు ఫోటో తీసిండు.
కణం పొరల సన్న కిటికీలు తెరుసుకుంటయని,
కాల్షియం లోపలికొస్తదని రాసినం.
ఎందుకు తెరుసుకుంటయో చెప్పేకాడ
'బహుశా' అని రాసినం.

నేను మాత్రం ఎరుపునే చూసుకుంట కూసున్న.
మా మర్రిగూడ దిక్కు
పెరగమని బొక్కకు ఎవ్వలూ చెప్పే పని లేదు.
బోరునీళ్లు చెప్పినయ్, ముప్పై ఏండ్లు,
రోజుకు ఇరవై నిమిషాలు కాదు, దూప అయినప్పుడల్లా.
నాయిన వెన్నుపూసల నడుమ నారలు గూడ బొక్కైనయ్.
మెడ తిరగదు.
పిలిస్తే మనిషి మనిషే తిరుగుతడు, తలుపు తిరిగినట్టు.
బండకు చెవి ఆనిచ్చేటందుకు
ఇప్పుడాయిన వంగలేడు.

రాత్రి ఫోన్ల అడిగిండు:
"ఏం కొడుతున్నవే ఆడ?"
"చప్పుడు."
"ఏం పగిలింది మరి?"
"పగిలేది కాదు నాయినా, గట్టిపడేది."
కొంచెంసేపు ఊపిరి ఒక్కటే ఇనొచ్చింది.
"గట్టిపడుడు మస్తు సూసినం గదనే.
ఆగుమనే చప్పుడు లేదా?"

సారుకు చెప్పలే.
అందరు పోయినంక ఏడో ప్లేటు తీసిన.
పవరు ఇంకింత దించి,
దెబ్బకు దెబ్బకు నడుమ సందు పెంచి,
మెత్తగనే ఉండు అనే మాట
ఎంత మెల్లగ అనాల్నో తెలవక
మీట మీద వేలు పెట్టి నిలబడ్డ.

మూత మీద మార్కరుతోని తేదీ రాసిన.
కింద ఏం రాయాల్నో
ఇంకా ఖాళీనే ఉంది.