రిమార్కుల గడి

రేవు దగ్గర మస్తానమ్మ ఇచ్చిన
వేరుశనగల పొట్లం విప్పితే
ఉప్పు కింద నీలి సిరా.

తేదీ. గంట. మట్టం. రిమార్కులు.
లాకుల లస్కరు గెడ్డం ఏసుపాదం చేతిరాత,
గాలికి పడిన వరిచేనులా
అక్షరాలన్నీ ఒకే పక్కకి.

మట్టం గడిలో అడుగులూ అంగుళాలూ.
అవి ఆఫీసు అడిగినవి.
రిమార్కుల గడి మాత్రం ఆయన సొంతం:
"చీమలు గుడ్లతో గట్టెక్కాయి."
"నీళ్లు ఎర్రబడ్డాయి. వాసన కొత్తది."
ఆ కింద, కలం గట్టిగా నొక్కి:
"తూము పక్క ఊట. బస్తాలతో మూసేశాం. తప్పు.
మూసిన నీరు పది బారల అవతల లేచింది. గండి.
ఊటని మూయకూడదు. చుట్టూ బావిలా కట్టి
దాని ఎత్తుకి దాన్ని లేవనియ్యాలి.
ఈ సంగతి అందరికీ చె"

అక్కడ చిరిగింది.
మిగతా సగం ఎవరి పొట్లమో,
ఎవరు తిని చేతులు దులుపుకున్నారో.

పాత కాగితాల వేలంలో కొన్నదట,
కిలో ఎనిమిది రూపాయలు.
చెదలు తిన్నవి పక్కన పడేసి తూచారట.
"చరిత్రకి తరుగు తీశారన్నమాట" అని నవ్వాను.
ఆమె నవ్వలేదు. ఆమెకి తక్కెడ తెలుసు.

ఏటేటా తొమ్మిదో తరగతికి నేనే చెబుతాను
ఏ వరద ఎప్పుడొచ్చిందో, ఎన్ని గండ్లు పడ్డాయో.
రెండు మార్కుల ప్రశ్న.
గండి ఎలా మొదలవుతుందో
ఏ పాఠంలోనూ లేదు.
ఏ పిల్లాడూ అడగలేదు,
అడిగితే బెత్తం వెతుక్కునేవాణ్ణేమో.

మొన్న శ్రావణంలో
ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక.
అందరి ఫోన్లలోనూ గోదారి,
గంట గంటకీ, లక్షల క్యూసెక్కుల్లో.
వైనతేయ గట్టు మీద మాత్రం చీకటి, వాన,
పెట్రోమాక్సు లైటుకి కాగుతున్న పురుగులు.

రెండు దాటాక
కొబ్బరితోట వైపు, గట్టు కాళ్ల దగ్గర
ఎసట్లో అన్నంలా ఇసక కుతకుత.
పెసింగి వీర్రాజు బస్తా భుజానేసుకుని
"మూసెయ్యండ్రా!" అని దూకాడు.
"ఆగు!"
నా గొంతు నాకే కొత్తగా వినపడింది.
"మూయకూడదని ఎవరు చెప్పారు మాస్టారూ?"
వేరుశనగల పొట్లం అనలేకపోయాను.
"లస్కరు ఏసుపాదం" అన్నాను.
"ఆయన పోయి ముప్పయ్యేళ్లయిందిగా!"
"అయితే మరీ మంచిది," చీకట్లోంచి ఎవరో ముసలి గొంతు,
"ఆయనకిప్పుడు అబద్ధమాడే పని లేదు."

బస్తా మీద బస్తా, గుండ్రంగా.
నీరు మోకాలి దాకా లేచింది.
నడుం దాకా లేచింది.
వీర్రాజు నన్ను తిడుతూనే బస్తా అందిస్తున్నాడు.
తెల్లారేసరికి
బావిలో నీరు తేటపడింది.
అడుగున ఇసక కదలకుండా కూర్చుంది.
ఆ నీళ్లలోనే ఒకరు మొహం కడుక్కున్నారు.

నీరు తీశాక మస్తానమ్మ దగ్గరికెళ్లాను.
"ఆ కాగితాలు కావాలి."
"ఎన్ని?"
"ఉన్నవన్నీ."
కట్ట వైపు చూసింది, నా వైపు చూసింది.
"కిలో రెండొందలు."
"మొన్న ఎనిమిదికేగా కొన్నావు?"
"మొన్న మీకూ తెలీదుగా మాస్టారూ."
బేరమాడలేదు.

రెండున్నర కిలోలు.
గచ్చు మీద పరిస్తే సంవత్సరాలు కలిసిపోయాయి.
ఒక ఆషాఢం సగానికి కోసి ఉంది,
ఇంకో కార్తీకం పొట్లాం మడతల్లో నలిగింది.
మోకాళ్ల మీద వెతుకుతున్నాను.
ఆ "చె" తర్వాతి ముక్క దొరకలేదు.

పిల్లల లాంగ్ నోటుబుక్కు ఒకటి తీసి
నాలుగు గడులు గీశాను.
మట్టం నాకు సరిగ్గా తెలీదు, ఖాళీగా వదిలాను.
రిమార్కుల్లో రాశాను:
"తూము పక్క ఊట. బావి కట్టాం. నిలిచింది.
తూర్పున ఇంకోటి లేస్తే
కంగారులో మూసేశాం.
అది కూడా నిలిచింది.
ఎందుకో తెలీదు. చూడాలి."