కార్డులో ఒక యూనిట్టు

విజయనగరం కోట వెనక బళ్ళో, డ్రాయింగు గదిలో
బల్లలు జరిపి గోడకి తెల్లపంచె కట్టారు.
ఇరవైమందిమి. మనిషికో సమోసా.
ఏదో దేశపు యుద్ధం సినిమా,
కింద అక్షరాలు చదివేలోపే పరిగెత్తిపోతున్నాయి.
కళ్ళజోడు ఇంట్లో మరిచాను.
ఆ గుంటణ్ణి చూడ్డానికి అక్షరాలెందుకులే.

యూదుల బిడ్డ. పదకొండేళ్ళుంటాయి.
ఎవరింట్లోనో మేనల్లుడిలా మసలుతున్నాడు.
తోటి పిల్లలు బట్టలిప్పి ఏట్లోకి దూకుతుంటే
నిక్కరు బొందు రెండు చేతులా పట్టుకుని
గట్టునే నిలబడిపోయాడు.
వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, సిగ్గనుకుని.
నాకు చెవులు వేడెక్కాయి.

నా చెవుల పైఅంచున మూడేసి చిల్లులు.
సీతంపేట కొండమీద మా అమ్మ
ముల్లుతో పొడిచి చీపురుపుల్లలు గుచ్చినవి.
ఆ అమ్మ పోలీసు కేంపులో, నాన్న అడవిలో,
నేను గోనెసంచుల లారీలో.
నెల్లిమర్లలో నన్ను దింపి వెళ్ళినాయన పేరు
ఇప్పటికీ తెలీదు.

జూట్‌మిల్లు లైన్లలో మూడో గది గవరమ్మది.
రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి
కనుబొమ్మల మీద కూడా జనపనార నూగు.
నన్ను ఎగాదిగా చూసి
ట్రంకుపెట్టి అడుగున ఉన్న రేషనుకార్డు తీసింది.
"ఇదిగో, సూర్నారాయణ. మగ. తొమ్మిదేళ్ళు.
ఈడే నువ్వు."

ఆ సూర్నారాయణని నాగావళి వరద తీసుకుపోయింది.
ఈ ఊరు రాకముందే.
లైన్లో ఎవరికీ చెప్పలేదామె.
అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడని అనేది,
నెలనెలా వాడి వంతు పంచదార తెచ్చి
డబ్బాలో పోసేది.
నేనొచ్చేనాటికి అది చీమలు పట్టి గడ్డకట్టి ఉంది.
రాయితో కొట్టి నా నోట్లో పెట్టింది మొదటి ముక్క.

జుట్టు చెవుల మీదికి పెంచింది.
క్షవరాల అప్పలసూరి కత్తెర చప్పుడికి
నేను మంచం కింద.
పగలు పరవాలేదు, నేర్పిన నాలుగు మాటలు అప్పజెప్పేవాణ్ణి.
రాత్రే కష్టం.
"నిద్దట్లో నీ బాస వచ్చేస్తంది రా నాయినా" అని
షిఫ్టు లేనిరోజు నా మూతిమీద అరచెయ్యి వేసి పడుకునేది.
నూనె, నార, ఉల్లిపాయ వాసనేసే ఆ చెయ్యి.
ఊపిరాడేది కాదు.
దానంత భద్రమైన చోటు మళ్ళీ దొరకలేదు.

తెరమీద సైనికుడు వంగి కుర్రాడి గడ్డం పట్టుకున్నాడు.
నీ పేరేమిటి, అని.
అప్పుడు కరెంటు పోయింది.

చీకట్లో నవ్వులు, దగ్గులు, సెల్‌ఫోను వెలుగులు.
పక్క కుర్చీలో పెద్దమనిషి పలకరించాడు:
"తమరి పేరేటండి? ఏ ఊరు?"
యాభై ఏళ్ళు దాటాయి. కేంపులు లేవు.
ఎవరూ నా గడ్డం పట్టుకోలేదు.
చెప్పొచ్చు.
శుక్రవారం పుట్టానని మా వాళ్ళు పెట్టిన పేరు
నాలుక కొసదాకా వచ్చింది.
"సూర్నారాయణండి. నెల్లిమర్ల."
ఒక్క తడబాటు లేదు.

అబద్ధమా అంటే, కాదేమో.
వాడి పేరు మీద బడికెళ్ళాను, జీతం తీసుకున్నాను,
వాడి పేరుతోనే గవరమ్మకి తలకొరివి పెట్టాను.
నేను మానేస్తే
వాడు రెండోసారి ఏట్లో పోతాడు.
మరి ఆ రెండోవాడో?
కొండమీంచి దిగినవాడు,
మంచం కింద ఇంకా బయటికి రానివాడు?

కరెంటొచ్చింది.
కుర్రాడు అక్కడే ఉన్నాడు, సైనికుడి వేళ్ళ మధ్య.
గుటక మింగి, ఎవరిదో పేరు చెప్పాడు.
నాకన్నా బాగా చెప్పాడు.

ఆట అయ్యాక బయట కుళాయి దగ్గర
దోసిట్లో నీళ్ళు పట్టుకున్నాను.
నీళ్ళకి మా బాసలో చిన్న మాట ఉంది,
గొంతులోనే తెగిపోయినట్టుంటుంది.
ఎవరూ లేకుండా చూసి ఒకసారి అన్నాను.
ఇక్కడ మాత్రం రాయను.