పై గీత దాటి

ఆరోసా పాయలో, ఆల్చిప్పలు పెంచే తెప్పల సందున,
గాలి పూర్తిగా పడిపోయిన పూట
ఎర్ర దీపం వెలిగింది.
దాని వెనకే పీక పిసికినట్టు బజర్.

"సెన్సరే," అన్నాడు ఎలోయ్, చుక్కాని వదలకుండానే.
"దానికి అరవడం అలవాటు."
కిందటి వేసవిలోనూ ఇలాగే అరిస్తే
వైరు పీకి, టేపు చుట్టి,
నెలంతా హాయిగా తిరిగాం.
ఆ టేపు విప్పింది నేనే, ఈ వసంతంలో.
ఎందుకో చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఇంజన్ ఆపేశాను.
నీలగిరి దుంగల కింద
నీళ్ళు గుటకలు వేసే చప్పుడు పైకి తేలింది.
తాళ్ళకు వేలాడే ఆల్చిప్పల పచ్చివాసన.
పోటు మమ్మల్ని మెల్లగా తెప్పల మీదికి నెడుతుంటే
లంగరు వదిలాడు. గొలుసు గలగలా దిగింది.
అంతసేపూ మాట్లాడింది ఆ గొలుసొక్కటే.

మెట్లు తీసి, మూత ఎత్తి,
మోకాళ్ళ మీద కూచున్నాను పాత డీజిలు ముందు.
మూడు సిలిండర్లు. వయసులో నా కంటే రెండేళ్ళు చిన్నది.
డిప్‌స్టిక్ లాగాను, తుడిచాను, మళ్ళీ ముంచాను.
ఎవరికైనా నూనె తగ్గిందేమోననే కదా భయం.
తగ్గలేదు.
పై గీత దాటి వేలెడు పైకి ఉంది.

"చూశావా, నిండా ఉంది," అన్నాడు గెలిచినవాడిలా.
నిండానే ఉంది. అదే నాకు మింగుడు పడలేదు.
పోయకుండా పెరిగే నూనె ఎక్కడైనా ఉంటుందా?

పొద్దు గూకే వేళకి ఆల్చిప్పల పడవ ఒకటి
కంబాడోస్ దాకా లాక్కెళ్ళింది.
తాడు విసిరిన మనిషి నవ్వలేదు.
మా రేవులో అది చాలా పెద్ద మర్యాద.

మర్నాడు ఎర్మీతాస్ వచ్చింది.
ముప్పై ఏళ్ళు ట్రాలర్ల పొట్టల్లో బతికిన ఆవిడ,
డెబ్భై దాటాయి, రెండు చెవులకీ మిషన్లు.
అవి తీసి జేబులో వేసుకుని
అరచేయి ఇంజన్ తల మీద ఆనించి వింది.
సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో తన ఇత్తడి గేజి బిగించింది.
చల్లగా ఉన్నంతసేపూ ముల్లు నిటారు, మూడు బార్లు.
ఇరవై నిమిషాలు కాగనిచ్చి, వేగం తగ్గించమంది.
ముల్లు వాలింది, ఇంకా వాలింది,
బళ్ళో కునుకు తీసే పిల్లాడి తలలా.
అర దగ్గర ఆగింది.
"సెన్సర్ పాపం," అంది. అంతే అంది.

ఒక్క చుక్క, కాగితం రుమాలు మీద.
నడుమ నల్లమచ్చ,
చుట్టూ పలచగా పాకుతూ పసుపు వలయం.
వాసన చూడమంది. చూశాం, ఒకరి తర్వాత ఒకరం.
డీజిల్.
ఇంధనం పంపులో రబ్బరు పొర,
దాని అంచున వెంట్రుకంత చీలిక.
అందులోంచి చుక్కా చుక్కా నూనెలోకి దిగి
దాన్ని చారునీళ్ళు చేస్తోంది.
"కిందటి వేసవి నుంచే అయ్యుంటుంది,"
చేతులు తుడుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా.
హాయిగా తిరిగిన ఆ నెల గుర్తొచ్చి
నాకు బేరింగుల మీద జాలేసింది.

పొర ఖరీదు ఒక పూట భోజనమంత.
పాత నూనె డబ్బాలోకి నీళ్ళలా దూకింది.
రెండుసార్లు మార్చాం, ఫిల్టరు కూడా.
బేరింగులు ఎంత అరిగాయో విప్పితేగాని తెలీదట.
విప్పించే డబ్బు మా దగ్గర లేదు.
వేడెక్కాక ఇప్పుడు ఒకటిన్నర.
చాలుననుకున్నాం.

తాళం తిప్పగానే బజర్ అరుస్తుంది,
నూనె పైకెక్కేదాకా, రెండు మూడు క్షణాలు.
అరవాలి. అరవని రోజున భయపడమని చెప్పి వెళ్ళింది ఆవిడ.
ఎలోయ్ చేయి తాళం మీదే ఉంచి
చెవి కిందికి వంచి
పెదాలతో లెక్కపెడతాడు.
అరుపు ఆగాక కూడా
కాసేపు లెక్కపెడుతూనే ఉంటాడు.