ఏమీ లేని చెంచా

భావనపాడు దారిలో ఐసు ఫ్యాక్టరీ.
నేల కింద ఉప్పునీళ్ల తొట్టె,
తొట్టెలో మెడదాకా మునిగిన రేకు డబ్బాలు,
డబ్బాల్లో మంచినీళ్లు
తెల్లారేసరికి రాళ్లయ్యేవి.
ఉప్పు నౌపడ నుంచి గోనెసంచుల్లో వచ్చేది.
వాసన మాత్రం అమోనియాది,
మా నాన్న చొక్కాలో ఆదివారం కూడా ఉండేది.

నాకు తొమ్మిదేళ్లు.
దిమ్మ పగిలి ఎగిరిపడ్డ ముక్కని
నాలుక కొసన పెట్టుకుని
"ఉప్పగా ఉంది మావా" అన్నాను.
ఉప్పే కాదు, కొంచెం పులుపు కూడా.
చింతకాయది కాదు,
వానాకాలం ఇనపగొళ్లేన్ని నాకితే వచ్చేది.

తవిటయ్య చేతిలో సుత్తి ఆగిపోయింది.
"డబ్బాకి సిల్లు పడ్డాదేటి?"
ఆ పూట పన్నెండు డబ్బాలు పైకి తీయించాడు.
ఒక్కోదాన్నీ బల్బు కింద తిప్పి చూశాడు,
అతుకుల వెంట బొటనవేలు నడిపాడు.
చిల్లు లేదు.
నా వైపు చూశాడు,
చిల్లు నాకే పడ్డట్టు.

ఆ తర్వాత జరిగేది ఎవరికీ చెప్పలేదు.
ముక్క కరిగిపోయాక
నోరు మూసుకుని ఊరుకుంటే,
మొద్దుబారిన నాలుక
మెల్లగా, కొస నుంచి, వెచ్చబడుతుంటే
తీపి.
బెల్లం కాదు. పంచదార కాదు.
పక్కింట్లో పాకం పడుతుంటే
గోడకి ఇవతల తగిలేంత.
ఇదీ అని గుర్తుపట్టేలోపు
మామూలు నోరు, మామూలు ఉమ్మి.

టెక్కలి హైస్కూల్లో సన్యాసినాయుడు మాస్టారికి చెప్పాను.
నవ్వలేదాయన.
గోలీసోడా బండి దగ్గర్నించి ఐసు తెప్పించాడు.
ల్యాబులో స్పిరిటు దీపం వెలిగించి
గ్లాసునీళ్లలో చెంచా వెచ్చబెట్టి
పంచె కొంగుతో మూడుసార్లు తుడిచాడు.
"గోడకేసి చూడు. నాలిక చాపు. ఏం తగులుతోంది?"
"తీపండి."
"దీనిమీద ఏం లేదురా."
"తెలుసండి."

తనూ పెట్టుకున్నాడు. ఒకసారి. మళ్లీ.
నీళ్లు ఇంకాస్త కాచి మళ్లీ.
నాలుక చురుక్కుమని చెంచా జారి పడిపోయింది.
"కొందరికి, రుచి చెప్పే నరమే
వెచ్చదనానికీ పలుకుతుందటరా.
చల్లగా తగిలితే పులుపనో ఉప్పనో చెబుతుంది,
వెచ్చబడితే తీపంటుంది.
అబద్ధమే, కానీ నిజంగానే చెబుతుంది.
అందరికీ కాదు."
కాసేపాగి, "నాకు లేదు" అన్నాడు.
పప్పుబెల్లాలు పంచేవేళకి
ఆలస్యంగా వచ్చిన పిల్లాడి గొంతు అది.

పదో తరగతి అయ్యేదాకా
టీ తాగినప్పుడల్లా నన్ను పిలిచేవాడు.
"మొదటి గుక్క ఎలా ఉందో నువ్వు చెప్పరా."

ఇప్పుడు ఐసు బండి నాది.
వైశాఖం, పడవలొచ్చే వేళ,
వేలంపాట గోలలో గున్నమ్మ
వంజరం గంప మీంచి ఓ ముక్క తీసి
చీరచెంగుతో తుడిచి నోట్లో వేసుకుంది.
అందరూ వేసుకుంటారు. ఎండ.
కానీ అది కరిగాక కూడా
ఆవిడ నోరు తెరవలేదు.
కళ్లు మూసుకుని
అరచెయ్యి పైకెత్తి
పాటంతా ఆపేసింది.

ఆ మూసుకోవడం నాకు తెలుసు.

రేపు అడగొచ్చు. అయినా
గంపలు దాటుకుని, బురదలో, దగ్గరికెళ్లి
"నీకూనా?" అన్నాను.
ఒక కన్ను తెరిచింది.
పెదాలు కదలకుండా అంది:
"మాటాడితే పోతాది."

నేనూ ఓ ముక్క తీసుకున్నాను.
నాలుగువందల ఇరవై దగ్గర ఆగింది పాట.
కాకులు, ఇంజను మసి, తడి వల.
ఇద్దరం ఏదో లెక్క వేస్తున్నామనుకుని
ఇచ్ఛాపురం సావుకారు
ఇంకో ఇరవై పెంచాడు.