సర్వే నంబరు లేని నేల

పొద్దంతా ఉప్పల్ రిజిస్ట్రేషన్ ఆఫీసులో
ఎవరెవరి ప్లాట్లకో హద్దులు టైపు చేస్తాను.
ఉత్తరం: ఇరవై అడుగుల రోడ్డు.
దక్షిణం: పొరుగువారి ప్రహరీ.

శనివారం రాత్రి మాత్రం
రామంతాపూర్‌లో జిరాక్సు షాపు మీది గదిలో
సర్వే నంబరు లేని ఒక రాజ్యాన్ని
నలుగురికి పంచిపెడతాను.
ఉత్తరం: మంచు.
ఆ పైన ఏముందో నాకూ తెలియదు.

చాప మీద గళ్ల కాగితం.
చింతగింజలు దొంగల దండు,
సోడా మూతలు కోట బురుజులు.
ఆఫీసు నుంచి పట్టుకొచ్చిన పాత స్టేప్లరు
నోరు తెరిస్తే మహాసర్పం.
మొదటి రాత్రి పడీ పడీ నవ్వారు.
మూడో వారానికి
దాని పక్కన టీ గ్లాసు పెట్టడానికి జంకారు.

బ్యాటరీల కొట్టు ఓదేలు
గిరాకీతో బేరమాడటానికే నోరు పెగలని మనిషి,
ఇక్కడ గాలిని పేరు పెట్టి పిలుస్తాడు.
తాకట్టు కంపెనీలో గీటురాయి పట్టే సుభాషిణి
ఇక్కడ దొంగ.
"పదేండ్లు తూచిన. ఒక్క రాత్రన్నా ఎత్తుకపోనీయిరి."
ఆమె తమ్ముడు క్రాంతి వచ్చేదే ఆలస్యం, వచ్చేదే ఆకలితో;
వాడి వీరుడూ అంతే.
నర్సు తహసీన్ కత్తి పట్టింది.
"కట్లు కట్టే వేషం మాత్రం నాకొద్దన్నా."

మూడు వారాలు కూర్చుని
పాతాళానికి ఏడు వాకిళ్లు కట్టాను,
వాకిలికో పొడుపు కథ.
ఒక్క తలుపైనా తట్టలేదు మహానుభావులు.
వంతెన మీద సుంకం వసూలు చేసే ముసలివాడు,
అప్పటికప్పుడు నా నోటికొచ్చినవాడు,
వాడి చుట్టూ చేరి కూర్చున్నారు.
"పేరేంది తాతా?"
కింది షాపు బోర్డు తప్ప ఇంకేమీ తట్టక
లామినయ్య అన్నాను.
ఎవరూ నవ్వలేదు. అదే వాడి పేరైపోయింది.
పిల్లలున్నారా, రాత్రి ఏం తింటావు, ఒళ్లెట్లుంది?
వాడికి మోకాలి నొప్పి ఇచ్చాను.
నా దగ్గర ఉన్నది అదే.

గంటన్నర గడిచాక సర్పం వచ్చింది.
ముసలివాడు వంతెన దిగలేదు.
నిలబెట్టిన రెండు అట్ట ఫైళ్ల చాటున
ఇరవై ముఖాల పాచిక విసిరాను.

రెండు.

ఫైళ్లకు అటు నాలుగు మొహాలు.
ఇటు నేనూ, ఆ రెండూ.
పదిహేడు అనొచ్చు.
పగలు ఎందరో అడుగుతారు
గజాలు కాస్త అటూ ఇటూ వేయమని.
వేయను.
ఇక్కడ ఎవరూ అడగకుండానే
పదిహేడు నాలుక చివరి దాకా వచ్చింది.

"ఆ మొహం నాకు తెలుసన్నా," అంది తహసీన్.
"వార్డు తలుపు తీసే ముందు నేను పెట్టుకునేదే.
ఏం పడ్డదో చెప్పు."

చెప్పాను.

కింద షట్టరు దించిన చప్పుడు.
క్రాంతి చేతిలో సమోసా అట్లాగే ఉంది.
నెలల తరబడి దాచుకున్న ఒకే ఒక్క మంత్రాన్ని
ఓదేలు సర్పం మీద వాడలేదు.
"తాత మోకాలు నొప్పి తీసేస్తున్న," అన్నాడు,
"ఎంతసేపుంటే అంతసేపు."
సుభాషిణి మాట్లాడకుండా
సుంకం పెట్టెలోంచి ఎప్పుడు కాజేసిందో గాని
మూడు నాణేలు తిరిగి వేసింది.
అసలు ఆ పెట్టె ఉందని నేను చెప్పనేలేదు.

తర్వాత పోరాడారు. ఓడారు. పరుగెత్తారు.
పన్నెండున్నరకు మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ
వచ్చే శనివారం గురించే గొడవ.
నేను ఒక్కణ్ణే చింతగింజలు ఏరుకున్నాను,
గళ్ల కాగితం మీద వంతెన దగ్గర
పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి.

సోమవారం సూపరింటెండెంటు అడిగాడు:
"ఆ పాత స్టేప్లరు ఏమైందయ్యా?"

బతికే ఉంది సార్, అన్నాను.
వంతెన అవతల.